మంత్రి గారూ, ఆ ప్రశ్న కూడా అడగమనండి

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

డిప్రెషన్ అని మొదటిసారి డాక్టర్ దగ్గరికెళ్తే నా చేతికో కాగితం ఇచ్చారండీ, పీహెచ్‌క్యూ-9 అంటారు దాన్ని. 9 ప్రశ్నలు. నిద్ర, ఆకలి, ఆఖరికి చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా అడిగింది గానీ పడకగదిలో కోరిక, గట్టిపడటం లాంటి వాటి ఊసే లేదు. నేనూ చెప్పలేదు, ఎలా చెప్తా, తలుపు బార్లా తెరిచుంది, వెనక టోకెన్లు పట్టుకుని నలుగురు నిలబడున్నారు. "నీరసంగా ఉంటోందండీ" అన్నా. మగాళ్లు నీరసం అన్నారంటే కొన్నిసార్లు అసలు సంగతి ఈ పడకగది సమస్యే.

సెర్ట్రాలిన్ అనే డిప్రెషన్ మందు రాశారు. కొన్ని వారాలకి మనసు తేలికపడింది, కానీ అంతకుముందే సగం చచ్చిన కోరిక పూర్తిగా పోయింది, ఎప్పుడైనా మొదలుపెట్టినా ఎంతసేపటికీ అవ్వదు. మా ఆవిడ తనంటే ఇష్టం పోయిందనుకుంది. నేను ఎవర్నీ అడక్కుండా టాబ్లెట్లు ఆపేశా, రెండు రోజులకి తల తిరుగుడు, తల్లో కరెంట్ కొట్టినట్టు షాకులు. తర్వాత ఇంకో డాక్టర్ చెప్తే తెలిసింది, కోరిక పోవడం, ఆలస్యమవడం ఈ రకం మందులకి మామూలు సైడ్ ఎఫెక్టే అని, డోస్ తగ్గించొచ్చు, బుప్రోపియాన్ లాంటి ఇంకో డిప్రెషన్ మందుకి మార్చొచ్చు, సొంతంగా మాత్రం ఆపకూడదని. ఈ మాట మొదటి రోజే చెప్తే ఏం పోయేది?

యాంగ్జైటీ ఇంకో రకం. అంగం గట్టిపడాలంటే ఒళ్లు నిమ్మళంగా ఉండాలి, టెన్షన్‌లో అడ్రినలిన్ ఎక్కి అక్కడి రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఒకసారి ఫెయిలైతే రెండోసారి "ఈసారన్నా అవుతుందా" అని మనకి మనమే కాపలా కాస్తాం, దాంతో మళ్లీ ఫెయిల్. మాస్టర్స్, జాన్సన్ అనే అమెరికా సెక్స్ పరిశోధకులు 1970లోనే రాశారు ఈ సంగతి, అయినా మనం ఇంకా నరాల బలహీనత అనే అంటున్నాం.

అలాగని అంతా మనసే అనట్లేదు. పొద్దున లేచేసరికి మామూలుగానే గట్టిపడుతుంటే చాలావరకు ఒంట్లో తేడా లేనట్టు, లేకపోతే షుగర్, బీపీ, గుండె చూపించుకోవాలి, కొందరిలో గుండెజబ్బుకి ఇదే ముందు గుర్తు. అందుకే డిప్రెషన్ అని వచ్చినవాణ్ణి పడకగది సంగతి, పడకగది సమస్య అని వచ్చినవాణ్ణి డిప్రెషన్ సంగతి అడగాలి.

మీరో సర్క్యులర్ ఇవ్వండి సార్. ఆ 9 ప్రశ్నల తర్వాత ఈ ఒక్కటీ నోటితో అడగమని, టాబ్లెట్ రాసేటప్పుడే సైడ్ ఎఫెక్ట్ చెప్పమని. అడిగేముందు తలుపు వేయమనండి, దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

ఇట్లు,
నీరసం అని అబద్ధం చెప్పిన ఒక పేషెంట్