సిలబస్ కోసేయడం గురించి నా మాట

సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. నిన్న అనంతపురం టీచర్ల మీటింగులో మాట మధ్యలోనే ఆగిపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

చూపు తక్కువున్న పిల్లలకు సిలబస్ సగం తీసేద్దామని అక్కడ కొందరన్నారు. నాకు నచ్చలేదు. మా తొమ్మిదో తరగతిలో అలాంటి అమ్మాయి ఉంది. నిజం చెప్పాలంటే గ్రాఫులు నేనూ వదిలేద్దామనే అనుకున్నా. తర్వాత ఒక అట్ట మీద అక్షాలకు పురికొస అంటించి, బిందువుల దగ్గర కందిబేడలు పెట్టా. వేలితో తడిమి, "సార్, గీత మూలబిందువు గుండా పోతోంది" అంది. ఖర్చు ఫెవికాల్ డబ్బా ఒక్కటే. బేడలు మా ఇంట్లోవి, మా ఆవిడకింకా తెలీదు.

వినికిడి సమస్య ఉన్నవాళ్లకు చెప్పేటప్పుడు బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి. కొత్త పదాలు ముందురోజే రాసివ్వండి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో పాఠ్యప్రణాళికలో మార్పులు, పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ (పిల్లలు చెప్తే జవాబులు రాసిపెట్టేవాళ్లు), రెండో మూడో భాషల మినహాయింపు అన్నీ ఉన్నాయి. మనం దయతో ఇచ్చేవి కావు. అలాగని హిందీ ఇష్టంగా చదివే పిల్లాడిని మినహాయింపు పేరుతో బయట కూర్చోబెట్టొద్దు, ముందు వాడినే అడగండి.

పదో తరగతి వాళ్ల వైకల్య ధ్రువపత్రాలు ఇప్పుడే చూసుకోండి. పోయినేడు మా బడిలో ఒకరికి ఆఖరి రోజు దాకా స్క్రైబ్ దొరకలేదు. ఆ పిల్లాడి టెన్షన్ చూడలేకపోయాం.

శనివారం సాయంత్రం భవిత సెంటర్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే ప్రభుత్వ కేంద్రం) టీచరమ్మను మా బడికి రమ్మన్నా. వచ్చేవాళ్లు కింద పేరు పెట్టండి, అట్టలు మీరే తెచ్చుకోండి.