మీ అమ్మ తల తిరుగుడు, నా వినికిడి

హనుమకొండ,
జనవరి 18.

చిరంజీవి స్వప్నకు బాపు ఆశీస్సులు.

మీ అమ్మ ఇప్పుడు బాగున్నది. నిన్న పొద్దున తానే లేచి వాకిట్లో ముగ్గు వేసింది. ఆమెకు వచ్చింది నువ్వు భయపడినట్లు మెదడు జబ్బు కాదు, బీపీ కాదు. కుడి చెవి లోపల కొన్ని సున్నపు రేణువులు తమ చోటు వదిలి పక్కకు జారాయి. ఈ సంగతి ఫోన్‌లో చెప్పబోతే ఇద్దరం విసుక్కోవడమే మిగిలింది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

పండుగ ముందు రెండు రోజులు ఆమె తెల్లబట్ట పరిచి, తల వంచుకొని సకినాలు చుట్టింది. మూడో రోజు తెల్లవారుజామున కుడివైపు ఒత్తిగిల్లగానే ఇల్లంతా గిర్రున తిరుగుతున్నదని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నది. లైటు వేసి చూస్తే ఆమె కనుగుడ్లు నిలకడగా లేవు. ఒక పక్కకు మెల్లగా జారి, ఒక్క కుదుపుతో వెనక్కి వచ్చి, మళ్లీ జారుతున్నాయి. అర నిమిషంలో అంతా ఆగిపోయింది. లేపి కూర్చోబెడితే మళ్లీ మొదలై వాంతి అయింది. మొదట పోయిన దవాఖానలో సెలైన్ ఎక్కించి, మెడ నరాలు అని చెప్పి, మెడకు పట్టీ ఇచ్చి పంపారు. ఆ పట్టీతోనే రెండు రాత్రులు కూర్చొని నిద్రపోయింది పాపం.

తరువాత చూపించిన చెవి డాక్టరు చెప్పిన మాటలకు, నేను ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పిన పాఠం కలిపి నీకు రాస్తాను. లోపలి చెవి అంటే కణత ఎముకలో తొలిచిన సొరంగాల వంటిది. అందులో ఒక భాగం వింటుంది, మరొక భాగం తల ఎటు కదులుతున్నదో కనిపెడుతుంది. గది మూలలో రెండు గోడలూ నేలా కలిసినట్లు మూడు అర్ధవర్తుల కుల్యలు, అంటే సగం గుండ్రంగా వంగిన సన్నని గొట్టాలు, ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. తల తిప్పినప్పుడు వాటిలోని ద్రవం వెంటనే కదలక వెనుకబడి, కుల్య మొదట్లో ఉండే జిగురు పొరను వంచుతుంది, ఆ పొరలోకి సన్నని వెంట్రుకలు గుచ్చి ఉంచిన రోమకణాలు ఆ వంపును నాడికి అందిస్తాయి. వాటి పక్కనే రెండు చిన్న సంచులు ఉంటాయి. తల వంగిందా, బండి ముందుకు కదిలిందా, లిఫ్టు పైకి లేచిందా అన్నది వాటి పని. వాటి జిగురు మీద కాల్షియం కార్బొనేట్ రేణువులు బరువుగా పరుచుకొని ఉంటాయి. మీ అమ్మకు ఆ రేణువులలో కొన్ని ఊడి, వెనుక కుల్యలో పడ్డాయి. పక్కకు తిరిగినప్పుడల్లా అవి జారి ద్రవాన్ని కదిలిస్తే, తల ఆగిన తరువాత కూడా ‘తిరుగుతున్నాను’ అని చెవి కబురు పంపుతూనే ఉంటుంది.

నీ చిన్నప్పుడు కాజీపేటలో మన బండి ఆగి ఉండగా పక్క పట్టాల మీది బండి కదిలితే, "బాపూ, మన బండి పోతున్నది" అని నువ్వు కిటికీ ఊచలు పట్టుకున్నావు. అప్పుడు కదిలామని చెప్పింది కళ్లు, లేదని చెప్పింది చెవి. మీ అమ్మ విషయంలో ఇది తారుమారైంది. ఆ రెండు సాక్ష్యాలూ కలవనప్పుడు కడుపులో తిప్పడం సహజమే.

ఈ రకం తల తిరుగుడును 1921లోనే వర్ణించినవాడు చెవి డాక్టరు రాబర్ట్ బరానీ. చెవిలోని ఈ సమతౌల్య వ్యవస్థ మీద అంతకుముందు చేసిన పనికే అతనికి 1914 నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కబురు అందేసరికి అతను యుద్ధఖైదీగా రష్యా చెరలో ఉన్నాడు. అయినా తేలికైన చికిత్స కోసం చాలా కాలం ఆగవలసి వచ్చింది. అమెరికా డాక్టరు జాన్ ఎప్లీ 1992లో ప్రచురించిన పద్ధతినే మన డాక్టరు చేశారు. అమ్మ తలను కుడికి తిప్పి, వెనక్కి పడుకోబెట్టి, మంచం అంచు నుంచి కొంచెం వేలాడేటట్లు పట్టుకొని, కళ్ల కుదుపు ఆగేదాకా ఉన్నారు. తరువాత తలను ఎడమకు, ఆపైన ముఖం నేలను చూసేటట్లు మనిషినే ఎడమ పక్కకు తిప్పి, లేపి కూర్చోబెట్టారు. రేణువులు వచ్చిన దారినే సంచిలోకి దొర్లిపోతాయట. పది నిమిషాలు కూడా పట్టలేదు, మందు బిళ్ల లేదు. మాట తడబడినా, చెయ్యీ కాలూ పట్టుతప్పినా అది వేరే జబ్బు, వెంటనే పెద్ద దవాఖానకు తీసుకుపోవాలని మాత్రం గట్టిగా చెప్పారు.

డాక్టరు మాట్లాడుతుంటే నేను నాలుగైదు సార్లు "ఏమన్నారు?" అని అడిగాను. ఆయన నవ్వి, నాకూ పరీక్ష చేశారు. పరీక్ష కాగితం మీద గీత ఎడమవైపు, అంటే లావు ధ్వనుల దగ్గర, బాగానే నడిచి, కుడివైపు, అంటే కీచుమనే సన్నని ధ్వనుల దగ్గర, గుట్ట దిగినట్లు దిగిపోయింది. వినే భాగమైన కర్ణావర్తం సకినం చుట్టులాగానే ఉంటుంది, కాకపోతే రెండున్నర చుట్లు నత్తగుల్లలా పైకి లేస్తాయి. విప్పితే దాదాపు 35 మిల్లీమీటర్లు. మొదటి చుట్టు దగ్గర సన్నని ధ్వనులు, కొన దగ్గర లావు ధ్వనులు పలుకుతాయి. కర్ణావర్తం లోపల పొడుగునా ఉండే పొర మీద ధ్వని అలలా ఎలా సాగుతుందో చూపి 1961లో నోబెల్ పొందిన బెకెషీ, బుడాపెస్టులో టెలిఫోన్ శాఖ ఇంజనీరు. వయసుతో ముందు దెబ్బతినేవి మొదటి చుట్టులోని రోమకణాలే. మెదడుకు ధ్వనిని అందించే కణాలు ఒక చెవిలో సుమారు 3,500 మాత్రమే, పోయినవి మనుషులలో మళ్లీ మొలవవు. అమ్మ రేణువులు తమ చోటికి చేరాయి, నా కణాలు చేరవు. వచ్చే వారం వినికిడి మిషన్ పెట్టించుకుంటాను.

‘స’, ‘ష’ వంటి అక్షరాలు ఆ సన్నని ధ్వనులలోనే ఉంటాయి. నువ్వు "సకినాలు ఎన్ని?" అని అడిగితే నేను "దినాలు ఎన్ని" అనుకొని "నాలుగు" అన్నది అందుకే, మీ అమ్మ ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతున్నది. నాతో మాట్లాడేటప్పుడు అరవకు బిడ్డా, అరిస్తే పెరిగేది అచ్చుల బలమే. కొంచెం నిదానంగా మాట్లాడు. నాలుగు కాదు, డెబ్బై సకినాలు డబ్బాలో సర్ది రేపు పంపుతున్నాం. అందగానే వీడియో కాల్ చెయ్యి, నీ పెదవులు కనబడితే నాకు చాలావరకు అర్థమవుతుంది.

మీ బాపు