పన్నెండున్నరకు ఎవరుంటారు?

నల్లగొండ,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన నేస్తానికి,

నీ ఉత్తరం బుధవారం అందింది. బాబుకు మూడో నెల నిండిందని చదివి సంతోషించేలోపే, కార్తీకం వచ్చేసరికి సెలవు అయిపోతుందనీ, వాడిని ఎక్కడ వదిలి బడికి వెళ్ళాలో తోచడం లేదనీ రాసిన మాట దగ్గర ఆగిపోయాను. ఫోనులో చెప్పాలంటే మా పాప రెండు మాటలు సాగనివ్వదు కాబట్టి, అది నిద్రపోయిన ఈ పూట తీరికగా రాస్తున్నాను.

ముందుగా నీకూ నాకూ ఉన్న తేడా చెప్పాలి. నీది ప్రభుత్వ ఉద్యోగం కనుక 180 రోజుల ప్రసూతి సెలవు ఉంది. అది అయ్యాక కూడా పిల్లల సంరక్షణ సెలవు 90 రోజులు విడతలు విడతలుగా వాడుకోవచ్చు. నాది ప్రైవేటు కొలువు. 2017లో చట్టాన్ని సవరించి 12 వారాల సెలవును 26 వారాలు చేశారు గానీ, కాళ్ళ వాపుల వల్ల నేను కాన్పుకు ముందే ఐదు వారాలు వాడేసుకోవలసి వచ్చింది. మిగిలిన ఇరవై ఒక్క వారాలు గడిచి ఫిబ్రవరి చివర ఆఫీసుకు వెళ్ళేనాటికి పాపకు ఐదు నెలలైనా నిండలేదు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా పట్టవద్దని డాక్టరమ్మ చెప్పిన మాట ఒకవైపు, ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలోని తేదీ మరొకవైపు. ఆ మధ్యలో ఉన్న నెల రోజులే నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టాయి.

అదే సవరణలో యాభై మందీ అంతకంటే ఎక్కువమందీ పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చనీ ఉంది. మా ఆఫీసులో డెబ్బై మందికి పైగా ఉన్నాం. అడిగితే మేనేజరుగారు, “ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా” అన్నారు. గది లేకపోలేదు, పాత ఫైళ్ళూ విరిగిన కుర్చీలూ పెట్టి తాళం వేసి ఉంది. కోపంతో ఒక అర్జీ రాసి ఇచ్చాను. ఆ అర్జీ కూడా ఇప్పుడు ఆ గదిలోనే ఉండి ఉంటుంది.

ఇంట్లో చూసుకునేవారు లేరా అని నువ్వు అడుగుతావు. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. పాపను ఒళ్ళో పెట్టుకుని గంటలు గంటలు ఆడించగలరు గాని, ఎత్తుకుని లేవలేరు. మా అమ్మ పొలాన్నీ బర్రెలనూ వదిలి రాలేదు. అంగన్‌వాడీ టీచరును అడిగాను. ఏడో నెల నుంచి నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తామని, కూర్చోబెట్టుకుని నేర్పేది మాత్రం మూడేళ్ళు నిండిన పిల్లలకేనని చెప్పింది. ఆరు నెలల పిల్లలనూ చూసుకునే ‘పాల్నా’ కేంద్రాలు మీ దగ్గర ఏమైనా ఉన్నాయేమో కనుక్కో. మా వాడకట్టులో అయితే లేదు.

ఇక చూసిన చోట్ల సంగతి. మొదటిది హైదరాబాద్ రోడ్డులో ఉన్న పెద్ద ప్లేస్కూలు. గోడల నిండా ఏనుగులు, నెమళ్ళు. నేల మీద మెత్తటి పరుపులు. ఆఫీసులో కూర్చుని ఫోనులో చూసుకోవడానికి కెమెరాలు. నేనూ మా ఆయనా బయటికి వచ్చేసరికి డబ్బు కట్టడమే తరువాయి అన్నంతగా మెచ్చుకున్నాం. చెప్పులు వేసుకుంటుండగా వ్యాను హారను మోగింది. పసిపిల్లల గదిలో ఉన్న ఇద్దరు ఆయాలలో ఒకామె చేతిలోని పిల్లవాడిని కింద పడుకోబెట్టి పరుగున వెళ్ళి వ్యానెక్కింది. ఎక్కడికని అడిగితే, పెద్ద పిల్లలను ఇళ్ళ దగ్గర దించి రావడానికి రోజూ పన్నెండున్నరకు ఆమే వెళుతుందని తెలిసింది. లోపల తొట్టెలల్లో, పరుపుల మీద ఉన్న పిల్లలను లెక్కపెట్టాను. పదకొండు మంది. వ్యాను తిరిగి వచ్చేదాకా, అంటే దాదాపు గంటన్నర, పదకొండు మందికి ఒక్కతే మనిషి, అదీ పిల్లలందరికీ ఆకలయ్యే వేళలో. కెమెరాలో అది కనిపించదా అంటే కనిపిస్తుంది. కనిపించి నేను చేసేదేముంది?

ఆ హారను మోగకపోతే పాపను అక్కడే చేర్చి ఉండేదాన్ని. వాళ్ళు చూపించినవన్నీ నా కళ్ళ కోసం పెట్టినవే, పాప కోసం కాదని అప్పుడు గాని నాకు తట్టలేదు. ఆనాటి నుంచి ఎక్కడికి వెళ్ళినా గోడలు చూడటం మానేసి, “పన్నెండున్నరకు ఎవరుంటారు, రెండింటికి ఎవరుంటారు, ఆ మనిషి రాని రోజున ఎవరుంటారు?” అని అడగడం మొదలుపెట్టాను. తడుముకోకుండా జవాబు చెప్పినవారు తక్కువ.

రెండో చోటు గురించి ఎక్కువ రాయను. బడికి అనుబంధంగా నడుస్తుంది కనుక ఏప్రిల్ చివర మూసి జూన్ 12న తెరుస్తారట. బతుకమ్మకూ దసరాకూ సరేసరి. నీలాంటి టీచరుకు అది సరిగ్గా సరిపోతుంది, నాకు కుదరదు.

మూడోది రామగిరిలో ఒక ఇల్లు. బోర్డు కూడా లేదు. నర్సుగా పదవీ విరమణ చేసిన ఒకావిడ, సాయానికి ఇద్దరు ఆడవాళ్ళు, ఆరుగురు పిల్లలు. అందరూ ఆమెను సిస్టరమ్మ అంటారు. చూసి వెళ్ళడం కాదు, ఒక గంట కూర్చుంటానంటే, “కూర్చోమ్మా, చాప వేస్తాను” అన్నారు. పదకొండు నుంచి పన్నెండు దాకా గోడకు ఆనుకుని కూర్చున్నాను. అక్కడి ఆయా నాలుగు నెలల పిల్లను ఒళ్ళో కొంచెం నిటారుగా పట్టుకుని ఉగ్గుగిన్నెతో పాలు పడుతోంది. ఆ పిల్ల రెండు గుక్కలు మింగి, ఒకటి బయటికి నెట్టి, ముఖం తిప్పేసుకుంది. ఆయా గిన్నె పక్కన పెట్టి, పిల్లను భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమిరింది. గిన్నెలో ఇంకా సగం ఉన్నాయే అని నేనంటే, “మూతి మల్పుకున్నదంటె సాలన్నట్టే అమ్మా, ఇంక పొయ్యొద్దు” అంది. తరువాత గోడకు వేలాడదీసిన నోటుబుక్కులో ‘11.20, సగం’ అని రాసింది. ఆమె ఎనిమిదేళ్ళుగా అక్కడే పనిచేస్తోందట. నేను మనసులో డబ్బు కట్టేశాను.

అయినా నీళ్ళ సంగతి అడగకుండా లేవలేదు. నల్లగొండలో పుట్టినదాన్ని, ఎలా లేస్తాను? నీళ్ళలోని ఫ్లోరైడును పటికతోనూ సున్నంతోనూ తగ్గించే పద్ధతికి నాగపూర్ పరిశోధన సంస్థవాళ్ళు మన ఊరి పేరే పెట్టారు కదా! బోరు నీళ్ళు మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. సిస్టరమ్మ దగ్గర ఆరు నెలలు దాటిన పిల్లల జావకు వాడేది మిషన్ భగీరథ నల్లా నీళ్ళే, కాచి చల్లార్చి. మీ పాలమూరు వైపు కూడా బోర్లను నమ్మకుండా ఈ మాట అడుగు.

చేర్చిన తరువాత అంతా సాఫీగా సాగిందనుకోకు. సెలవు ముగియడానికి పది రోజుల ముందే మొదటి రోజు ఒక గంట, మర్నాడు రెండు గంటలు అంటూ అలవాటు చేశాం. పాప తొందరగానే సర్దుకుంది. నేనే గేటు బయట స్కూటీ దగ్గర నిలబడి ఏడ్చాను. మార్చి రెండో వారంలో ఐస్ సంచి ఫ్రిజ్ లోనే మరిచిపోయి పిండిన పాలు అలాగే తీసుకెళ్ళి ఇచ్చాను. బయట ఉంచితే చల్లటి రోజుల్లోనే నాలుగు గంటలకు మించి నమ్మకూడని పాలు, మన ఎండకు ఎంతసేపు నిలుస్తాయి? సిస్టరమ్మ వాసన చూసి పారబోసి, నాకు ఫోను చేశారు. మధ్యాహ్న భోజనం మానేసి పది నిమిషాల్లో వెళ్ళి పాలిచ్చి వచ్చాను. ఆ పది నిమిషాల దూరమే ఇంకొక సంగతి నేర్పింది. మా ఇల్లు పానగల్లు దారిలో ఉన్నా, పాపను ఆఫీసుకు దగ్గరగా ఉంచడమే మంచిదయింది. పిల్లకు పదిహేను నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు చట్టమే ఇస్తోంది కదా. బిడ్డ ఊరికి ఆ చివర ఉంటే ఆ విరామాలతో ఏం చేసుకుంటాం?

అందుకే, మెట్టుగడ్డలో మీ ఇంటి పక్కన చూస్తున్నానన్నావు గాని, బడి ఉన్న ఊళ్ళోనే నమ్మకమైన మనిషి దొరుకుతుందేమో ముందు వెతకమంటాను. బాబును ఎత్తుకుని రోజూ పల్లెవెలుగు ఎక్కడం కష్టమే, కాదనను; ఇప్పుడది మన ఆడవాళ్ళకు టికెట్టు డబ్బు లేని ప్రయాణమే గాని, కూర్చునే చోటు కూడా లేని ప్రయాణం. అయినా నలభై నిమిషాల అవతల ఏడుస్తున్న బిడ్డ దగ్గరికి మధ్యాహ్నం వెళ్ళలేకపోవడం అంతకన్నా కష్టం.

జ్వరం వచ్చిన పిల్లలను సిస్టరమ్మ దగ్గర తీసుకోరు. మొదటిసారి మమ్మల్ని వాకిట్లో నుంచే వెనక్కి పంపినప్పుడు ఒళ్ళు మండింది. వారం తిరగకముందే ఇంకొకరి పిల్లవాడిని అలాగే పంపడం చూసి, పోనీలే అనుకున్నాను. టీకాల కార్డు అడిగి చూస్తారు. తొమ్మిదో నెల తట్టు టీకా తేదీ నాకంటే ముందు వాళ్ళే గుర్తుచేశారు.

అదిగో, తొట్టెల కదులుతోంది. మా అమ్మమ్మ కాలపు ఉగ్గుగిన్నెలు రెండు ఉన్నాయి. ఒకటి వచ్చే వారం మా ఆయన అటు వచ్చినప్పుడు నీకు పంపుతాను. నువ్వు చూసిన చోట పన్నెండున్నరకు ఎవరుంటారో కనుక్కుని, వెంటనే రాయి.

నీ
నేస్తం