సవానాలో మా రాత్రి నడక: ఈ అక్టోబరు నుంచి వస్తున్న మార్పులు

అట్లాంటా చుట్టుపక్కల నుంచి సెలవులకు జార్జియాలోని సవానా వచ్చి, చీకటి పడ్డాక మాతో కలిసి పాత ఊరు తిరిగిన తెలుగు కుటుంబాలకూ, ఈ అక్టోబరు నడకకు ముందే టికెట్లు తీసుకున్నవారికీ నమస్కారం. నడకలో చెప్పే దెయ్యాల కథల్లో కొన్నిటిని తీసేశాం, కొన్నిటిని కొత్తగా చేర్చాం. దీనివల్ల కొందరు మమ్మల్ని వదిలి వేరే కంపెనీకి వెళ్తారని తెలిసే ఈ పని చేస్తున్నాం కనుక, కారణాలు దాచకుండా మీకు చెప్పాలనుకుంటున్నాను.

సవానాలో దెయ్యాల నడక పెద్ద వ్యాపారం. పైకప్పు తీసేసిన శవవాహనాల్లో జనాన్ని కూర్చోబెట్టి ఊరు తిప్పేవాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు. గైడుగా పని చేయాలంటే ఊరి చరిత్ర మీద పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలన్న నిబంధనను నగర పాలక మండలి 2015లో ఎత్తివేసింది. ఆ నిబంధనకు వ్యతిరేకంగా కొందరు గైడ్లు వేసిన దావాలో ఫెడరల్ కోర్టు కూడా 2019లో గైడ్ల పక్షానే తీర్పు ఇచ్చింది. నోరు విప్పి మాట్లాడడానికి లైసెన్సు ఎందుకన్న ఆ వాదనతో నేనూ ఏకీభవిస్తాను. అయితే అడిగే అధికారి లేనప్పుడు ఏది జరిగింది, ఏది కల్పన అని విడదీసి చెప్పే బాధ్యత పూర్తిగా చెప్పేవాడి మీదే పడుతుంది.

తీసేసినవాటిలో మొదటిది, మీలో చాలామంది అడిగి మరీ చెప్పించుకున్న సోరెల్-వీడ్ ఇంటి కథ. యజమాని ఫ్రాన్సిస్ సోరెల్‌కు మోలీ అనే బానిస యువతితో సంబంధం ఉండేదని, అది తెలిసి భార్య మటిల్డా పైఅంతస్తు నుంచి దూకిందని, కొన్నాళ్లకు మోలీ వెనకవైపు బండ్లశాల మీది గదిలో ఉరికి వేలాడుతూ కనిపించిందని ఊరంతా చెబుతారు. మటిల్డా 1860లో పైనుంచి పడి చనిపోయిన మాట నిజం. మోలీ అనే మనిషి అసలు ఉన్నట్టు చూపించే కాగితం మాత్రం ఒక్కటీ దొరకలేదని, రికార్డులు వెతికిన చరిత్రకారిణి టియా మైల్స్ రాశారు. ఈ ఊరి మేడల వెనక గదుల్లో నిజంగా బతికిన బానిస స్త్రీలలో చాలామంది పేర్లు కూడా మనకు మిగలలేదు. వాళ్లను వదిలేసి, లేని ఒక అమ్మాయిని పిల్లల ముందు రాత్రికో మాటు ఉరి తీయడం నాకిక చేతకాదు.

ఆ ఇంటికి బదులు టేలర్ స్క్వేర్ అనే చిన్న పార్కుకు తీసుకువెళ్తాం. 1851లో ఏర్పడిన ఈ స్క్వేర్‌కు, బానిసత్వాన్ని గట్టిగా సమర్థించిన అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు జాన్ కాల్హూన్ పేరు పెట్టారు. కింద బానిసల సమాధులున్న నేల అది. స్థానికుల పోరాటం తరువాత 2023లో దాని పేరు మార్చి, బానిసగా పుట్టి, అంతర్యుద్ధంలో నల్లజాతి సైనికులకు చదువు చెప్పిన సూసీ కింగ్ టేలర్ పేరు పెట్టారు. అక్కడి గడ్డి మీద నిలబడి ఈ సంగతి చెప్పడానికి నాకు ఏ దెయ్యమూ అవసరం కాలేదు.

రైట్ స్క్వేర్ యథాప్రకారం ఉంటుంది, నిజానికి అక్కడ ఇంకొంచెం ఎక్కువసేపు ఆగుతాం. ఐర్లాండ్ నుంచి వచ్చిన పనిమనిషి ఆలిస్ రైలీని, యజమాని విలియం వైజ్‌ను చంపిందన్న నేరానికి 1735లో ఉరి తీశారు. గర్భవతి అని తేలడంతో ప్రసవమయ్యేదాకా ఆగి మరీ తీశారు. ఆమె ఉసురు తగిలి అక్కడి చెట్లకు స్పానిష్ మాస్ (కొమ్మల నుంచి జడల్లా వేలాడే బూడిదరంగు మొక్క) పట్టదని చెప్పే మాటను ఊరి నమ్మకంగానే చెబుతాం. అదే స్క్వేర్‌లో యమక్రా అనే స్థానిక అమెరికన్ తెగ పెద్ద టొమోచిచీని 1739లో ఖననం చేశారు. సవానా నిలబడడానికి సాయం చేసిన ఆయన సమాధి చోటనే 1883లో రైలు కంపెనీ అధిపతి గోర్డన్‌కు స్మారకం కట్టారు. ఇది అన్యాయమని భావించినవారిలో గోర్డన్ కోడలు కూడా ఉండడం చరిత్ర వేళాకోళం. ఆమె ముందుండి నడిపిన మహిళా సంఘం 1899లో టొమోచిచీ జ్ఞాపకంగా ఒక మూల పెట్టించిన గ్రానైట్ బండే ఈ రోజు మనకు కనిపించేది.

కొలోనియల్ పార్క్ సమాధుల తోటకు రాత్రిపూట గేట్లు మూసేస్తారు, కాబట్టి ఇనుప కంచె బయట నుంచే మాట్లాడవలసి వస్తుంది. 1820లో ఎల్లో ఫీవర్‌తో పోయిన దాదాపు 700 మంది ఇక్కడే ఉన్నారు. చోటు తప్పిపోయిన రాళ్లను తూర్పు గోడకు వరుసగా బిగించారు. కొన్నిటి మీద వయసులు, సంవత్సరాలు ఎవరో చెక్కి మార్చారు, అంతర్యుద్ధ కాలంలో, 1864లో ఇక్కడ విడిది చేసిన యూనియన్ (ఉత్తరాది) సైనికుల పనే అది అంటారు. ఆ గోడను వెలుతురులోనే చూడాలి. అందుకని కోరినవారిని అదే రోజు మధ్యాహ్నం లోపలికి తీసుకువెళ్తాం, దానికి విడిగా డబ్బు తీసుకోం.

పగలు తీరిక ఉన్నవారు ఓవెన్స్-థామస్ ఇంటిని కూడా తప్పక చూడండి. అక్కడి బానిసల వసతి గది పైకప్పుకు వేసిన పాత నీలం రంగు ఇంకా మిగిలి ఉంది. దుష్టశక్తులు లోపలికి రాకుండా అలా నీలం వేయడం ఈ తీరంలో బానిసలుగా బతికిన ఆఫ్రికన్ల సంతతివారైన గల్లా గీచీ ప్రజల నమ్మకం. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టే ఇళ్లలో పెరిగినవాళ్లం, ఇంతకంటే విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆత్మ దగ్గరకు వస్తే దీపం వెలుగుతుందని చేతికిచ్చే మీటర్లు కూడా ఇక ఇవ్వం, అవి గోడలో కరెంటు తీగ ఉన్నా వెలుగుతాయి. భయం తగ్గి చరిత్ర ఎక్కువైందని పోయిన సీజన్‌లో ఒక అతిథి రాశారు. డబ్బిచ్చి భయం కోరుకునే హక్కు ఆయనకు ఉంది, అలాంటివారికి ఊళ్లో కంపెనీలకు కొదవ లేదు. ఏడాది ఆదాయంలో పెద్ద భాగం మాకు అక్టోబరులోనే వస్తుంది కనుక, ఈ మార్పు మాకు తేలికైనది కాదు.

టికెట్ ధర పెంచడం లేదు, కానీ గుంపుకు 12 మందికి మించి తీసుకోం. పాత కథల కోసమే టికెట్ కొన్నవారు నడకకు ముందు రోజు దాకా చెప్పినా పూర్తి డబ్బు వాపసు ఇస్తాం. మార్చిలో సెయింట్ పాట్రిక్స్ డే వారాంతంలో వీధులన్నీ జనంతో నిండిపోయి మాట వినపడదు కాబట్టి ఆ రోజుల్లో నడక ఉండదు, హోటళ్లు తీసుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోగలరు.