వార్షిక నివేదిక: మొక్కలు ఎందుకు తగ్గాయి, పక్షుల లెక్కలు ఎందుకు పెరిగాయి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పాలమూరు (మహబూబ్‌నగర్)లో మన సంఘం తరఫున మొక్కలు తక్కువ నాటాం. సర్వసభ్య సమావేశంలో ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాం, కావాలనే తగ్గించాం.

వాతావరణ మార్పును చూసే ఐపీసీసీ, జీవవైవిధ్యాన్ని చూసే ఐపీబీఈఎస్ అనే రెండు అంతర్జాతీయ సంస్థలు 2021 జూన్‌లో తొలిసారి కలిసి ఒక నివేదిక తెచ్చాయి. 50 మంది శాస్త్రవేత్తలు రాసిన దాన్ని మన ఆదివారం కూటమిలో భాగాలుగా చదువుకున్నాం. ఈ రెండు సమస్యల్నీ విడివిడిగా పట్టుకుంటే ఏదీ తీరదన్నది దాని సారం. గాల్లోని కార్బన్‌ను చెట్లలో పట్టి ఉంచుతామనే పేరుతో గడ్డి భూముల్లో చెట్లు నాటినా, పరాయి జాతి చెట్టు ఒక్కటే వరుసగా పెంచినా అక్కడి జీవాలకు నష్టమేనని కూడా అందులో ఉంది.

ఇది పాలమూరుకు సూటిగా తగిలే మాట. గుట్టల కింది బీళ్లను మనం ఖాళీ జాగా అనుకుంటాం. గొర్లు మేసేది అక్కడే, కృష్ణజింక తిరిగేది అక్కడే. గడ్డి తన కార్బన్‌ను వేళ్లలో, మట్టిలో దాచుకుంటుంది. అందుకే బీళ్లలో గుంతలు తీయడం ఆపి బడుల్లో, ఇళ్ల ముందు మాత్రమే వేప, కానుగ, చింత నాటాం. పరాయి దేశపు చెట్టు కోనోకార్పస్ జోలికి పోలేదు. కొందరు పెద్దలకు ఇది నచ్చలేదు. "గడ్డి ఫొటో ఎవరు చూస్తరు?" అన్నారు. ఆ మాటా నిజమే.

ఎక్కువ శ్రమ పక్షుల లెక్క మీద పెట్టాం. 2023లో 13 సంస్థలు కలిసి దేశ పక్షుల స్థితిపై నివేదిక ఇచ్చాయి. 30 వేల మందికి పైగా మామూలు పరిశీలకులు పంపిన దాదాపు 3 కోట్ల నమోదులతో 942 జాతులను అంచనా వేశారు. బాగా తగ్గాయి, వీటి స్థితిని మళ్లీ పరిశీలించాలని చెప్పిన 14 జాతుల్లో మన పాలపిట్ట ఉంది! ఫిబ్రవరి పక్షుల గణనలో మన సభ్యులూ పాల్గొని, చూసినవన్నీ పక్షుల నమోదు వెబ్‌సైట్ ఈబర్డ్‌లో ఎక్కించారు. పాలపిట్ట కరెంటు తీగ మీద కదలకుండా కూర్చుని, మిడత కనబడగానే గడ్డిలోకి దూకుతుంది. ఎండిన తాటి మోడు తొర్రలో గుడ్లు పెడుతుంది. పొలం గట్టున మోడు కనిపిస్తే కొట్టేయొద్దని రైతులను అడుగుతున్నాం. దసరాకు పంజరంలో పెట్టి చూపించడం నేరమని కరపత్రాలు పంచాం.

బడి పిల్లలు వారానికోసారి ఒకే చెట్టును చూసి చిగురు, పూత, కాయ రాసే పని మొదలైంది. ఒక్క ఏడాది రాతలతో పూత, కాయ వేళలు మారాయని చెప్పలేం, ఏళ్ల వరుస కావాలి. ఒకటే టెన్షన్: వేసవి సెలవుల్లో నమోదు ఆగింది, వేపకాయ పండటం మొదలయ్యేదేమో అప్పుడే.

జమాఖర్చులు ఆడిటర్ చూశారు, కాపీ విడిగా జతచేశాం.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ఊరూరా అక్కడి మొక్కలు, జీవాల వివరాలు రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. వచ్చే ఏడాది వాటిని నింపడంలో పంచాయతీలకు సాయపడదామని కార్యవర్గం తీర్మానించింది. ఏ గడ్డి ఎప్పుడు మొలుస్తుందో గొల్ల పెద్దలకు తెలిసినంత మనకు తెలియదు కాబట్టి ముందు వాళ్ల దగ్గరికే వెళ్తాం. సెలవుల్లో చెట్లు చూసి రాయగల సభ్యులు సమావేశం రోజే కార్యదర్శికి పేరు ఇవ్వండి.