పెళ్లిచూపుల్లో అబ్బాయి నోరు విప్పాలి

సంపాదకుల గారికి నమస్కారం.

యువత పాడైపోతోంది, గుళ్లకీ చర్చిలకీ రావడం మానేసింది అని కొన్నాళ్లుగా పాఠకుల ఉత్తరాల్లో చదువుతున్నాను. నాకు ముప్పై ఏళ్లు, బోయినపల్లిలో ఉంటాను, మాది ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) కుటుంబం, మాదాపూర్‌లో ఉద్యోగం. మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, యూత్ బృందంతో పదేళ్లుగా తిరుగుతున్నాను. మావాళ్లు రావడం లేదన్న మాట నేను ఒప్పుకోను. ఆదివారం పూజకు వస్తారు, పాటలు పాడతారు, వానలకు బస్తీల్లోకి నీళ్లొస్తే మోకాళ్ల లోతులో దిగి బియ్యం బస్తాలు మోస్తారు, సెప్టెంబర్‌లో మరియమాత పండుగ వచ్చిందంటే ఆఫీసు బ్యాగు భుజాన ఉండగానే ఖైరతాబాద్ ఆరోగ్యమాత చర్చికి వచ్చేస్తారు. నా బాధ ఇంకొకటి. ఇంత మంచి పిల్లలు పెళ్లిచూపుల గదిలో కూర్చోగానే ఎందుకు మూగబోతున్నారు?

మొన్న మా చెల్లికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి సాఫ్ట్‌వేర్, పూజలో గిటార్ వాయిస్తాడు, చేతికి జపమాల కట్టుకుని ఉన్నాడు, చెల్లికి నచ్చాడు కూడా. వాళ్లమ్మగారు చాలా మెత్తగా మాట్లాడారు. "మేమేమీ అడగం అన్నయ్యగారూ, మీ అమ్మాయికి మీరు ఇష్టపడి పెట్టుకునేది పెట్టుకోండి" అన్నారు మా నాన్నతో. ఆ వెంటనే, అడక్కుండానే, పెద్దకోడలు పదిహేను తులాలు తెచ్చుకుందని, కారు వాళ్ల నాన్నే బుక్ చేశాడని చెప్పారు. మా నాన్న చేతిలో రుమాలు నలుగుతోంది. నేను ఆ అబ్బాయి వంకే చూస్తున్నాను, ఇప్పుడైనా ఒక్క మాట అంటాడేమోనని. అతని ముందున్న టీ మీద మీగడ కట్టేసింది, తాగలేదు, తలెత్తలేదు. రెండు రోజులకు చెల్లికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు, "సారీ అండీ, పెద్దవాళ్ల మాట కాదనలేను" అని. చెల్లి అది నాకు చూపించి ఫోన్ బోర్లా పెట్టేసింది.

అమ్మానాన్నలను గౌరవించమన్నది దేవుని ఆజ్ఞే. కానీ అన్యాయంగా అవతలి తండ్రి మెడలు వంచుతుంటే చూస్తూ కూర్చోమని ఆ ఆజ్ఞ చెప్పలేదు. చిన్నప్పుడు జ్ఞానోపదేశం తరగతిలో మాకు నాలుగు మూల సుగుణాలు కంఠతా పట్టించారు, వివేకం, న్యాయం, ధైర్యం, మితం అని. ఎవరికి చెందాల్సింది వాళ్లకు చెందనివ్వడం న్యాయం, కష్టమైనా మంచి పక్కన నిలబడడం ధైర్యం. ఈ రెండూ ఒకేసారి కావాల్సిన చోటు పెళ్లిచూపుల కన్నా ఇంకేముంటుంది? మా యూత్ మీటింగుల్లో శుద్ధత గురించి చాలా చెబుతారు, చెప్పాలి కూడా, నేను కాదనను. అయితే మా వాళ్లు దాన్ని ముట్టుకోకుండా ఉండడం వరకే కుదించేసుకున్నారు. కాథలిక్ సత్యోపదేశంలో, అంటే మా సభ బోధల పుస్తకంలో, శుద్ధత స్నేహంలో వికసిస్తుందని ఉంది, అంటే ఎదుటి మనిషిని సరుకులా చూడకుండా మనిషిగా చూడగలగడం కూడా అందులో భాగమే కదా. నాలుగేళ్లు ఒక అమ్మాయితో మాట్లాడి, ఆమె వేరే సంబంధాలు వదులుకునేలా చేసి, చివర్లో "మా ఇంట్లో కులం ఒప్పుకోరు" అని చేతులు దులుపుకున్న కుర్రాళ్లు నాకు తెలుసు. హద్దు దాటలేదు కాబట్టి తప్పు చేయలేదనే అనుకుంటున్నారు వాళ్లు. తమ ఇంట్లో కులం పట్టింపు ఉందని ఆ అమ్మాయికి మొదటి నెలలోనే ఎందుకు చెప్పలేదు?

కులం మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. 2022 మే 15న దేవసహాయం గారిని పోప్ గారు పునీతుడిగా (సెయింట్‌గా) ప్రకటించినప్పుడు మేమంతా సంబరపడ్డాం, భారతదేశం నుంచి ఆ గౌరవం పొందిన మొదటి గృహస్థు, అంటే ఫాదర్ కాని మామూలు విశ్వాసి, ఆయన. క్రైస్తవుడై, కులం ఏదైనా మనుషులంతా సమానమేనని చెప్పినందుకు పద్దెనిమిదో శతాబ్దంలో తిరువాన్కూరు రాజ్యంలో చిత్రహింసలు పడి 1752లో ప్రాణాలిచ్చిన మనిషి. అదే ఏడాది ఆగస్టు 27న మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు, అంటే పోప్ తర్వాతి స్థాయి పెద్దల్లో ఒకరయ్యారు, దళితుల నుంచి కార్డినల్ అయిన మొదటివారు. స్టేటస్‌లన్నీ ఆయన ఫొటోలతో నిండిపోయాయి. ఆ ఫొటోలు పెట్టిన ఇళ్ల నుంచే సంబంధాల గ్రూపులో బయోడేటాలు వస్తాయి, "ఆర్‌సీఎం" అని రాసి పక్కనే కులం పేరు, ఆ కిందనే "అదే కులం వారు మాత్రమే సంప్రదించగలరు" అని. ఇది చదువుతుంటే నాకు నిజంగా ఏడుపొస్తుంది.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. మా అన్నయ్య పెళ్లికి మా ఇంట్లో ఎనిమిది తులాలూ ఒక బండీ తీసుకున్నారు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, డిగ్రీ అయిపోయింది, చట్టం తెలుసు, వాక్యం తెలుసు, అయినా ఒక్క మాట అనలేదు. ఆ బండి మీదే ఏడాది పాటు పూజకు వెళ్లాను. వదిన వాళ్ల నాన్న దానికి కట్టిన వాయిదాల గురించి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునేటప్పుడు, చెప్పుకున్నాను, వదిన దగ్గర కూడా చెప్పుకున్నాను. అందుకే ఆ అబ్బాయి మీద కోపం కన్నా నాకు అతని మౌనమే ఎక్కువ గుర్తుంది, ఆ మౌనం నాకు తెలిసినదే కాబట్టి.

అలా కాకుండా చేసినవాడూ మా యూత్‌లోనే ఉన్నాడు. ఆటో నడిపే ఆయన కొడుకు, ఇంటి మీద అప్పు కూడా ఉంది. పెళ్లిచూపుల్లో పెద్దవాళ్లు మొదలుపెట్టకముందే తనే అన్నాడు, "అంకుల్, నాకు కట్నం వద్దు, బంగారం వద్దు, భోజనాల ఖర్చు చెరి సగం" అని. వాళ్ల నాన్న రెండు నెలలు మాట్లాడలేదు. చర్చి హాల్లో నూట యాభై మందికి భోజనాలు పెట్టి పెళ్లి చేసుకున్నాడు. ఇప్పుడు మనవరాలిని ఆటోలో ముందు కూర్చోబెట్టుకుని బస్తీ అంతా తిప్పేది ఆ నాన్నే.

2025 సెప్టెంబర్ 7న ఇటలీకి చెందిన కార్లో అకుటిస్ అనే అబ్బాయితో పాటు అదే దేశపు యువకుడు పియర్ జోర్జో ఫ్రసాతిని కూడా పునీతుడిగా ప్రకటించారు. కంప్యూటర్ తెలిసిన అబ్బాయని కార్లో బొమ్మ మా వాళ్ల ఫోన్లన్నిటిలో ఉంది, ఫ్రసాతి గురించి మాత్రం తక్కువ మందికి తెలుసు. పేపరు నడిపే డబ్బున్న తండ్రి కొడుకు అతను, బస్సు డబ్బులు పేదవాళ్లకు ఇచ్చేసి భోజనం వేళకు ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చేవాడు, 24 ఏళ్లకే 1925లో పోలియోతో చనిపోయాడు. మా యూత్‌కు అతని కథ చెప్పాలని నా కోరిక, పైసా విషయంలో ఎలా ఉండాలో అతని దగ్గర నేర్చుకోవచ్చు.

ఇక నేను అడిగేది ఒకటుంది, ఇది ఒక్క కాథలిక్కులకే కాదు, పెళ్లి చేయించే అందరికీ. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం తీసుకోవడమే కాదు ఇవ్వడమూ నేరమే, అయిదేళ్లకు తక్కువ కాకుండా జైలు. "మేము అడగలేదు, వాళ్లే ప్రేమతో పెట్టారు" అనే దారి మాత్రం తెరిచి ఉంది, ఎందుకంటే అడక్కుండా ఇచ్చే కానుకలను చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఆ కానుకల జాబితా రాసి ఉంచాలని 1985లో నియమాలు వచ్చాయి. ఏం ఇచ్చారు, విలువెంత, ఎవరిచ్చారు అని రాసి పెళ్లికూతురు, పెళ్లికొడుకు సంతకాలు పెట్టాలి. నేను వెళ్లిన పెళ్లిళ్లలో ఒక్కదానిలోనూ ఆ కాగితం చూడలేదు.

మా చర్చిలో పెళ్లికి ముందు ఫాదర్ గారు అబ్బాయినీ అమ్మాయినీ విడివిడిగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు, ఇష్టపూర్వకంగానే చేసుకుంటున్నారా, ఎవరైనా బలవంతం చేశారా అని, ప్రమాణం చేయించి మరీ. మూడు ఆదివారాలు పూజలో పేర్లు చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. ఇంత పద్ధతి ఇప్పటికే ఉంది. ఆ గదిలోనే ఇంకో ప్రశ్న కలపండి, "కట్నం మాట్లాడుకున్నారా?" అని, ఆ జాబితా కూడా తెమ్మనండి. తల్లిదండ్రుల ముందు నోరు పెగలని అబ్బాయికి అక్కడ ఫాదర్ తప్ప ఎవరూ ఉండరు, అబద్ధం చెప్పాలంటే ప్రమాణం మీద చెప్పాలి. మ్యారేజ్ కోర్సు నడిపే పెద్దలను కూడా వేడుకుంటున్నాను, బడ్జెట్ గురించి చెప్పే క్లాసులో ఈ సంగతి కూడా మాట్లాడండి.

వచ్చే నెల రెండో ఆదివారం మా చెల్లిని చూడడానికి ఇంకొకరు వస్తున్నారు. ఈసారి మొదటి ప్రశ్న తనే అడుగుతానంది, అదీ వాళ్లమ్మగారిని కాదు, అబ్బాయిని. నాన్న సరేనన్నారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బోయినపల్లి, సికింద్రాబాద్