కాలువ గట్టున ఒంటరిగా కూర్చోకు, తల్లీ

అవనిగడ్డ,
12 జూన్ 2025.

చిరంజీవి శ్రావణికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. నీ గొంతు విని మూడు ఆదివారాలు దాటింది. ఆఫీసులో పని ఎక్కువగా ఉండి ఉంటుందని అమ్మకు చెప్పాను, నేనూ అదే అనుకుంటున్నాను, కనుక ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను. అమ్మ మోకాలి నొప్పి కొంత తగ్గింది. మన బోదెకు ఇంకా నీళ్లు రాలేదు.

పెరట్లో మోడుబారిన తాటిచెట్టు తొర్రలోని పైడికంటి గుడ్లగూబల జంట ఈ వేసవిలో రెండు పిల్లలను లేపింది. సాయంత్రం దీపాల వేళకు నాలుగూ వచ్చి కరెంటు తీగ మీద వరుసగా కూర్చుంటున్నాయి. చిన్నప్పుడు నీవు వాటికోసం అన్నం ముద్ద చేతిలోనే ఎండిపోయేదాకా అరుగు మీద కూర్చునేదానివి. నీవు అక్కడ అమెరికాలో కాలువ గట్ల మీద ఫొటోలు తీసే బొరియ గుడ్లగూబా, మన పైడికంటీ ఎథీన్ అనే ఒకే ప్రజాతికి చెందినవని నీవు చెప్పిన నాటినుంచి, వీటిని చూసినప్పుడల్లా ఇవి ఆ గట్టు మీది వాటికి మేనత్త బిడ్డల్లాగే కనిపిస్తున్నాయి. ఇవి చెట్టు తొర్రను నమ్ముకున్నాయి, చెట్టు లేని చోట పుట్టిన అవి నేలను నమ్ముకున్నాయి.

మొన్న రవి ఫోను చేసి మాటల మధ్యలో ఒక విషయం అన్నాడు. నీవు శుక్రవారం రాత్రి ఒక్కదానివే శాన్ డియేగోలో బయలుదేరి ఎల్ సెంట్రో దాటి వెళుతున్నావనీ, కారులోనే నిద్రపోతున్నావనీ, తెల్లవారకముందే కాలువ గట్టు మీద బోర్లా పడుకుని కెమెరా పెట్టుకుంటున్నావనీ అతనికి ఎవరో చెప్పారట. చెప్పుడు మాటలు నమ్మే అలవాటు నాకు లేదని నీకు తెలుసు. అమ్మకు ఈ మాట చెప్పలేదు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది దానికోసం కాదు, ఆ పక్షుల గురించి కొంత చదివాను కనుక నీతో పంచుకోవాలని రాస్తున్నాను.

ముప్పై ఒక్క సంవత్సరాలు కృష్ణా కాలువల గట్ల మీద ఉద్యోగం చేసినవాడిని కనుక నీవు వెళ్లే ఆ ఇంపీరియల్ లోయ నాకు పరాయి చోటుగా అనిపించలేదు. కొలరాడో నది నీటిని కాలువల్లో తెచ్చి ఎడారిని సాగులోకి మార్చిన నేల అది. 1905లో ఆ నది, మనుషులు తవ్విన కాలువకు గండి కొట్టి, 1907లో పూడ్చేదాకా లోయలోకి పారడంవల్లనే సాల్టన్ సీ అనే ఆ ఉప్పు సరస్సు ఏర్పడిందని నీవు చెప్పినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది. గండి అంటే ఏమిటో చూసినవాడికే తెలుస్తుంది. ఎలుక బొరియ, పందికొక్కు బొరియ, ఎండ్రకాయ బొక్క, ఏది కనబడినా ఆ సాయంత్రానికల్లా మట్టి కొట్టించడమే నా ఉద్యోగం. అలాంటి నాకు, కాలిఫోర్నియాలోని బొరియ గుడ్లగూబల్లో సగానికి పైగా ఆ లోయలోని కాలువల, మురుగు కాలువల గట్లలో నేల ఉడుతలూ, గోఫర్లనే పందికొక్కుల్లాంటి జంతువులూ తవ్వి వదిలిన బొక్కల్లోనే కాపురం చేస్తున్నాయని తెలిసినప్పుడు, మా లస్కర్ల చేత నేను పూడ్పించిన బొరియల్లో ఎన్ని ప్రాణుల ఇళ్లు ఉండి ఉంటాయోనన్న ఆలోచన ఇప్పటికీ విడవడం లేదు. గట్టు నిలవాలి, నిజమే. కానీ పూడ్చేముందు ఒక్కసారి వంగి చూడమని నాకెవరూ చెప్పలేదు.

నిరుడు మే నెలలో మనమిద్దరం వెళ్లిన రోజు గురించి మనం ఆ తరువాత ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇప్పుడు రాస్తాను. తెల్లవారుజామున మూడు గంటలకు బయలుదేరి, కొండలు దాటి లోయలోకి దిగేసరికి కారు కిటికీలోంచి వేడిగాలి మొహానికి కొట్టింది. కాలిపాట్రియా దగ్గర అల్ఫాల్ఫా గడ్డి పొలాల మధ్య కంకర దారిలో నీవు కారు ఆపి, ఇంజను కట్టేసి, కిటికీ అద్దం దించి, "నాన్నా, కారే మనకు మంచె. తలుపు మాత్రం తీయకండి" అన్నావు. వెలుతురు విచ్చుకుంటుండగా బొరియ ముందరి మట్టికుప్ప మీద జానెడు పక్షి ఒకటి, పొడుగు కాళ్ల మీద, కాపలా ఉన్న బంట్రోతులాగా నిలబడి ఉంది. అది మగదని నీవు దూరంనుంచే చెప్పావు. ఆడది గుడ్ల మీదా పిల్లల దగ్గరా లోపల ఉంటుంది కనుక దాని రంగు ముదురుగా ఉంటుందనీ, మగది రోజంతా ఎండలో నిలబడి వెలిసిపోతుందనీ అన్నావు. ఇంటి యజమాని రంగు వెలిసిపోవడం అన్న మాట నాకు గుర్తుండిపోయింది. కాసేపటికి ఒక్కొక్కటిగా ఐదు పిల్లలు బయటికి వచ్చాయి. నీవు గంటసేపు ఊపిరి బిగబట్టి ఫొటోలు తీశావు. నేను మాట్లాడలేదు, దగ్గు వచ్చినా ఆపుకున్నాను.

తరువాత పక్షి కంటి ఎత్తులో ఫొటో రావాలని నీవు నెమ్మదిగా దిగి, దూరంగా గట్టు వాలులో పడుకున్నావు. అప్పుడు నీ కాళ్ల దగ్గర గడ్డి కదిలినట్టు నాకు కనిపించింది. నీవు చెప్పింది మరిచిపోయి తలుపు తీసుకుని వచ్చేశాను. మగ పక్షి రెండుసార్లు గుంజీలు తీసినట్టు కిందికీ మీదికీ ఊగి, కిచకిచమని అరిచి, ఎగిరి కంచె గుంజ మీద వాలింది. పిల్లలన్నీ లోపలికి దూరాయి. ఉద్యోగం నేర్పిన అలవాటు, బొరియ కనబడితే వంగి చూడకుండా ఉండలేను. వంగాను. లోపలినుంచి బుస వినబడింది. మన పోతురాజు లాకుల దగ్గర లస్కరు అంకయ్య బొరియలో చేయి పెట్టినప్పుడు రక్తపింజర పెట్టిన బుస నా చెవుల్లో నలభై ఏళ్లుగా ఉంది. ఆ రాత్రి అతణ్ణి ట్రాక్టరు మీద ఆసుపత్రికి తీసుకువెళ్లినది నేనే, అతని వేళ్లు రెండు పోయాయి. నీ చేయి పట్టుకుని ఎంత బలంగా లాగానో నాకే తెలియదు. కెమెరా కంకర మీద పడింది, లెన్సు ముందు అద్దం పగిలింది. నీవు "అవి పిల్లలు నాన్నా" అని మాత్రం అన్నావు. తిరుగు దారి పొడుగునా నీవు మాట్లాడలేదు, ఇంటికి వచ్చి అన్నం మాత్రం వడ్డించావు.

ఆ బుస గురించి తరువాత చదివాను. తోకతో గిలక్కాయ చప్పుడు చేసే రాటిల్‌స్నేక్ లాగా బుసకొట్టి, బొరియలోకి వచ్చే జంతువులను బెదరగొట్టడం ఆ పిల్లలకు పుట్టుకతో వచ్చిన విద్య అట. నా వంటివాడు మోసపోవడంలో వింత లేదు. కానీ అదే లోయలో నిజమైన రాటిల్‌స్నేక్‌లు కూడా ఉన్నాయి, అవి కూడా అదే బొరియల్లో నీడ వెతుక్కుంటాయి. బయటినుంచి వినేవాడికి రెండు చప్పుళ్లూ ఒకటే. కనుక ప్రతి బుసనూ పిల్లలదే అనుకోకు. వాలులో పడుకునే ముందు కర్రతో గడ్డి తట్టు, మోకాలిదాకా వచ్చే బూట్లు వేసుకో, చేతి గడియారం చూసుకుంటూ ఎనిమిదిన్నరకల్లా తిరిగి బయలుదేరు. ఆ తరువాత నేల ఆవిరికి ఫొటో ఎలాగూ అలలు అలలుగా వస్తుందని నీవే చెప్పావు, ఇక ఎండలో ఉండడం దేనికి? జూన్‌లో అక్కడి ఎండ మన రెంటచింతల ఎండకు తీసిపోదు. నీళ్లు నాలుగు లీటర్లకు తగ్గకుండా పెట్టుకో.

ఇంకొకటి. పక్షి ఊగడం మొదలుపెట్టిందంటే మనం మితిమీరి దగ్గరికి వెళ్లామని అర్థం, అప్పుడు ఎంత మంచి వెలుతురు ఉన్నా వెనక్కు రావాలి. దానికీ దాని బొరియకూ మధ్యలోకి ఎప్పుడూ వెళ్లవద్దు. బొరియ ఉన్న చోటు పేరు ఫొటో కింద రాయవద్దు, రాస్తే వారం తిరిగేసరికి పదిమంది కంకర తొక్కుకుంటూ వస్తారు. 2024 అక్టోబరులో కాలిఫోర్నియా ఫిష్ అండ్ గేమ్ కమిషన్ ఈ పక్షిని ప్రమాదంలో ఉన్న జాతుల చట్టం కింద పరిశీలనకు స్వీకరించింది, ఆ పరిశీలన సాగినంత కాలం చట్టం రక్షణ దానికి ఉంటుంది. నీవు తప్పు చేస్తావని కాదు. ఒంటరిగా ఉన్న ఆడపిల్లను ఎవరైనా వచ్చి ఏమి చేస్తున్నావని అడిగితే పక్కన సాక్షి ఉండాలి. ఉపన్యాసం ఇవ్వకూడదనే మొదలుపెట్టాను, ఇక్కడికి వచ్చింది.

నీకు తెలిసే ఉంటుంది, అయినా రాస్తాను. ఇవి పశువుల పేడ ఏరుకొచ్చి బొరియ వాకిట్లో పరుస్తాయి. ఫ్లోరిడాలో శాస్త్రవేత్తలు కొన్ని వాకిళ్లలో పేడ తీసేసి, కొన్నిట్లో ఉంచి చూస్తే, పేడ ఉన్న చోట అవి తిన్న పేడపురుగులు పది రెట్లు ఎక్కువ ఉన్నాయని 2004లో ప్రకటించారు. ఎర వేసి భోజనం వాకిట్లోకే రప్పించుకుంటాయన్నమాట. అమ్మకు ఇది చదివి వినిపించాను. "గుడ్లగూబ ఇంటి మీద వాలితే అరిష్టం" అంటూ నీవు పంపిన ఫొటోను హాల్లో పెట్టనివ్వని మనిషి, "కల్లాపి చల్లుకునే జాతే అయితే మంచిదే" అని మర్నాడు తానే మేకు కొట్టించింది. ఐదు పిల్లలూ కనబడే ఆ ఫొటో, లెన్సు పగలకముందు తీసినది, ఇప్పుడు నాయనమ్మ ఫొటో పక్కన ఉంది.

కొత్త లెన్సు కోసం నీవు ఎంత పెట్టావో నాకు చెప్పలేదు. పెన్షను బకాయిలు వచ్చాయి. నీ ఖాతాకు ఎంత పంపాలో ఒక్క ముక్క రాయి, కాదనకు.

సత్యం మామయ్య కోడలు వచ్చే నెల 3న శాన్ డియేగో వస్తున్నది. ఆమెతో కరివేపాకు పొడి, ఒక కర్ర, ఒక సంచి పంపుతున్నాం. కారు తలుపు మీద లెన్సు ఆనించడానికి నీవు వాడే తలగడ ఎలా ఉంటుందో నేను కాగితం మీద గీసి చూపిస్తే అమ్మ పాత జీన్సు గుడ్డతో కుట్టింది, నాలుగుసార్లు విప్పి కుట్టింది. గింజలు అక్కడ విమానాశ్రయంలో పట్టుకుంటారని ఖాళీగానే పంపుతున్నాం. రెండు కిలోలు బియ్యం పోసుకో, మరీ నింపితే బిగుసుకుపోయి లెన్సు జారుతుంది. నోరు కట్టడానికి తాడు లోపలే ఉంది. ఈసారి వెళ్లేటప్పుడు రవినైనా, ఆఫీసులో స్నేహితురాలినైనా వెంట తీసుకుని వెళ్లు. ఇద్దరూ కుదరకపోతే ఆ గట్టు మీద కారు ఆపగానే నాకు ఫోను చెయ్యి. అప్పుడు మనకు సాయంత్రం అవుతుంది, పైడికంటిలు తీగ మీదికి వచ్చే వేళ. నేను అరుగు మీదనే ఉంటాను. మాట్లాడనక్కరలేదు, ఫోను పక్కన పెట్టి నీ ఫొటోలు నీవు తీసుకో.

ఆశీస్సులతో,
నాన్న